రిసాలత్ కుట్టు

రిసాలతక్క ఎవరిదైనా తియ్యటి మాట మోసుకొచ్చిందంటే మా మహల్లాలో ఎవరూ దాన్ని వెంటనే నమ్మరు. ముందు ఆమె మొహం చూస్తారు. తరవాత ఆ మాట అన్నారని చెప్పిన మనిషిని తలుచుకుంటారు. "ఆ మొండిఘటం ఇంత మంచిమాట అని ఉంటుందా?" అని ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. నేనైతే అసలు నమ్మను. ఇన్నేళ్ళుగా ఆమె పక్కన కూర్చుని దూది కొడుతున్నదాన్ని, ఆమె నోట్లో మాట ఎలా తయారవుతుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

మాది పరుపులు, రజాయిలు కుట్టే పని. మా ఊరు మర్గిలాన్‌లో పెళ్ళంటే పెళ్ళికూతురి వెంట పరుపుల దొంతర వెళ్ళాల్సిందే, అది ఎంత ఎత్తుంటే పుట్టింటివాళ్ళకి అంత పరువు. నేను రెండు సన్నటి బెత్తాలతో దూదిని కొట్టి పొంగిస్తాను. రిసాలతక్క దాన్ని పట్టు గలేబులో పరిచి పొడుగు సూదితో టాకాలు వేస్తుంది. పొద్దస్తమానం ఆ ఇంటి వరండాలోనే ఉంటాం గనక, ఆ ఇంటివాళ్ళకి ఎవరితో పడటం లేదో, ఎవరి పేరెత్తితే మూతి ముడుస్తున్నారో సాయంత్రానికల్లా తెలిసిపోతుంది. మర్నాడు మేం వెళ్ళేది సరిగ్గా ఆ రెండోవాళ్ళ ఇంటికే అయితే ఇక రిసాలతక్కకి పండగే.

ముస్లిం తోటి ముస్లింతో మూడు రోజులకు మించి మాటలు మానేసి ఉండకూడదని, ఎదురుపడినప్పుడు ఇద్దరిలో ముందు సలాం చెప్పినవాడే మెరుగని మా పిల్లలకి కూడా తెలుసు. దానితోపాటు ఇంకో మాట కూడా ప్రవక్త చెప్పారు. విడిపోయినవాళ్ళని కలపడం కోసం ఒక మంచిమాట చేరవేసినవాణ్ణి, అది కల్పించి చెప్పినా సరే, అబద్ధాలకోరు అనకూడదట. మిగతా విషయాల్లో అందరిలాంటి మనిషే గానీ, ఈ ఒక్క వెసులుబాటుని మాత్రం రిసాలతక్క చివరి పోగు దాకా వాడుకుంది.

బషారత్, ముకద్దస్ అని పక్కపక్క ఇళ్ళవాళ్ళున్నారు. ముకద్దస్ ఇంటి మల్బరీ కొమ్మ గోడ దాటి వచ్చి బషారత్ ఆరేసిన తెల్లటి దుప్పట్ల మీద పళ్ళు రాల్చింది. అంతే, మాటలు బంద్. మేం బషారత్ ఇంట్లో పని ముగించుకుని ముకద్దస్ ఇంటికి వెళ్ళాం. రిసాలతక్క సూదిలో దారం ఎక్కిస్తూ మొదలుపెట్టింది.

"బషారత్ నిన్న నిన్ను తలుచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది తల్లీ. ముకద్దస్ చేతి సమ్సా తిని ఎన్నాళ్ళయిందో అంది."

"బషారతా? ఏడ్చిందా?"

"ముక్కు కూడా చీదింది."

నేను తలెత్తకుండా దూది కొడుతూనే ఉన్నాను. బషారత్ నిన్నంతా అన్నది ఒకే ఒక్క మాట, ముకద్దస్ చెట్టుకి చెద పట్టాలని. అయినా ఆ సాయంత్రం గోడ మీదుగా వేడివేడి సమ్సాల పళ్ళెం వెళ్ళింది. వచ్చిన పళ్ళేన్ని మావాళ్ళు ఖాళీగా తిరిగి పంపరు గనక అటునుంచి ద్రాక్షపళ్ళు వచ్చాయి. వారం తిరిగేసరికి ఇద్దరూ ఒకే దుప్పటి చెరో కొసా పట్టుకుని పిండుకుంటున్నారు. ఆనక ఇద్దరూ లెక్క సరిచూసుకుని మా మీదికి వచ్చారు.

"నేనెప్పుడు ఏడ్చానక్కా?" అంది బషారత్.

"ఏడవలేదూ? నాకు ఏడ్చినట్టే అనిపించిందే" అంది రిసాలతక్క, దారం పళ్ళతో తెంపుతూ.

అప్పట్నుంచి మా వీధిలో ఎవరైనా నమ్మశక్యం కాని మంచిమాట చెబితే "ఇదేదో రిసాలత్ కుట్టులా ఉందే" అనడం మొదలైంది. మొగుడు పెళ్ళాన్ని మెచ్చుకున్నా అదే మాట. అత్త కోడల్ని మెచ్చుకుంటే ఇక చెప్పనే అక్కర్లేదు.

నవ్వులాటకి బాగానే ఉండేది. కానీ ఈ పనిలో ఆమెకే ఒక జబ్బు అంటుకుంది. ఎవరు మంచిమాట చెప్పినా నమ్మడం మానేసింది. కుట్టుపనివాళ్ళు కొత్త బట్ట చూడగానే ముందు తిరగేసి లోపలి కుట్టు చూస్తారు కదా, ఆమె మనుషుల మాటల్నీ అలాగే తిరగేసేది. తన మొగుడు పోయాక వియ్యపురాలు వచ్చి "నీకు మేమున్నాం" అంటే, "ఈమెకి ఎవరు నేర్పి పంపారో కనుక్కోవే హోజర్" అని నా చెవిలో గొణిగింది. నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ, ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. కానీ ఆమె ముందు నేను పసిపిల్లని.

ఇక అసలు సంగతికి వస్తాను. రిసాలతక్క తల్లి పేరు బీబీసారా. మనిషి పొట్టి, నాలుక పొడుగు. ఆమెకీ చెల్లెలు జేబినిసాకీ ఎప్పటినుంచో మాటల్లేవు. చెల్లెలి ఇంట్లో పెళ్ళికి వెళితే అక్కగారిని గుమ్మం పక్కన కూర్చోబెట్టారట. గది లోపల పైవరసలో కూర్చోవాల్సిన మనిషిని చెప్పుల దగ్గర కూర్చోబెడితే ఊరుకుంటుందా? ఊరందరినీ కలిపినదాన్ని, అమ్మనీ పిన్నినీ కలపలేనా అనుకుంది రిసాలతక్క.

"అమ్మా, పిన్ని కుమిలిపోతోంది. అక్క ఒక్కసారి నా గడప తొక్కితే చాలు, కాళ్ళు పట్టుకుంటాను అంది" అని చెప్పింది.

కన్నకూతురి మాట గనక బీబీసారా పెద్దమ్మ నమ్మింది. మఖమలు కోటు వేసుకుని, పొయ్యిలోంచి తీసిన రొట్టెలూ హల్వా మూటకట్టుకుని, బజారు దాటి చెల్లెలి ఇంటికి వెళ్ళింది. జేబినిసా గుమ్మంలోనే అడ్డంగా నిలబడింది. ఆమె వెనక ముగ్గురు కోడళ్ళు.

"నేనా? నీ కాళ్ళు పట్టుకుంటానన్నానా? ఎవరు చెప్పారే నీకు?"

తీసుకెళ్ళిన మూట విప్పకుండా వెనక్కి మోసుకురావడం కంటే తలవంపు మా దగ్గర ఇంకోటి లేదు. పెద్దమ్మ ఆ మూటతోనే నేరుగా రిసాలతక్క ఇంటికి వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"ఊరందరికీ కుట్టావు, పోన్లే అనుకున్నాను. నాక్కూడా కుట్టావా?" అంది. అంతే, వెళ్ళిపోయింది.

ఆ తరవాత కూతురితో మాట్లాడలేదు. మూడు రోజులు గడిచాయి, నెలలు గడిచాయి. ఆవిడ ఉండేది కొడుకు సోత్వల్ది దగ్గర. వరసగా పిల్లలు పోతుంటే, పుట్టినవాణ్ణి పొరుగువాళ్ళకి అమ్మేసినట్టు చేసి మళ్ళీ కొనుక్కున్నారు, 'కొన్నాం' అని పెట్టుకున్న పేరు అది, అందుకే తల్లికి వాడంటే ప్రాణం. ఊయల తొట్టెలు చేస్తాడు. ఆవిడ మంచం పట్టిందని తెలిసి రిసాలతక్క పరుగున వెళితే గోడవైపు తిరిగి పడుకుంది. చలికాలం పోయి నేరేడుపండు రంగు మబ్బులు పట్టిన ఒక పొద్దున, మేం దూరపు పల్లెలో కుట్టుపనిలో ఉండగా కబురొచ్చింది. వెళ్ళేసరికి మొహం మీద గుడ్డ కప్పేశారు.

పోయేముందు మావాళ్ళు అందరితోనూ రాజీ అనిపించుకుంటారు. "నేను నీతో రాజీ" అంటే, నీ వల్ల నాకు కలిగిన కష్టమంతా వదిలేశాను, రేపు అల్లా ఎదుట నిన్ను నిలదీయను అని. తల్లి నోట ఆ మాట వినకుండా మిగిలిపోయిన బిడ్డ గతి ఏమిటో నేను చెప్పక్కర్లేదు. చావింటి ఆనవాయితీగా నడుముకి గుడ్డ బిగించుకుని వాకిట్లో నిలబడ్డ సోత్వల్ది అక్కని చూడగానే ఎదురొచ్చాడు.

"అమ్మ రాజీగానే పోయిందక్కా. రిసాలత్‌తో నేను రాజీ అంది."

రిసాలతక్క ఏడవలేదు. తమ్ముడి మొహంలోకి చూసింది.

"సరిగ్గా ఏమంది?"

"అదే. రాజీ అంది."

"ఇంకేం అనలేదా? ఆ ఒక్క మాటే అందా?"

వాడు కళ్ళు దించుకున్నాడు. "ఇంకేముంటుంది?" అన్నాడు.

వాడు కళ్ళు దించడం నేనూ చూశాను. నాకూ గుండెలో ముల్లు గుచ్చుకుంది.

"నాకు కుట్టకు సోత్వల్దీ" అంది రిసాలతక్క.

వాడి మొహం పాలిపోయింది. "అమ్మ లోపల పడుకుని ఉండగా అబద్ధం ఆడతానా? అందరూ నీలాంటివాళ్ళే అనుకున్నావా?" అని అరిచాడు. వాకిట్లో ఉన్న మగవాళ్ళంతా తిరిగి చూశారు.

ఆ అరుపుతో అక్కాతమ్ముళ్ళు విడిపోయారు. వాణ్ణి అబద్ధాలకోరు అందని వాడి బాధ. అమ్మ రాజీ పడకుండానే పోయింది, తమ్ముడు జాలిపడి పూతపూశాడని ఆమె బాధ. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే వాడు వచ్చినవాళ్ళందరికీ కలిపి ఒక సలాం పడేసేవాడు. "అందులో నాకూ ఉందంటావా?" అని ఆమె ఇంటికొచ్చేదాకా నన్ను వేపుకు తినేది. నేనేం చెప్పను? వాడి చూపు ఆమె మీదికి రాలేదు, అలాగని తప్పించుకున్నట్టూ లేదు.

మధ్యవర్తులు రాలేదని కాదు. మసీదు ఇమాం వచ్చాడు. "మీ తమ్ముడు మీ కోసం ఎంతో బెంగపడుతున్నాడు" అన్నాడు. "దారం ఎక్కడ కొన్నారు హజ్రత్?" అంది. పాపం ఆయనకి అర్థంకాక నావైపు చూశాడు. ఆడవాళ్ళకి మతపాఠాలు చెప్పే ఆతిన్‌బీబీ వచ్చింది. "అనుమానాల్లో చాలావాటికి దూరంగా ఉండమన్నాడు అల్లా, కొన్ని అనుమానాలు పాపమే రిసాలత్" అంది. "కొన్ని అన్నాడుగా. నాది ఆ కొన్నింట్లో ఉందో లేదో మీరే చూసి చెప్పండి" అంది ఈమె. ఆతిన్‌బీబీ చల్లారిన టీ తాగేసి లేచింది.

కానీ సోమవారం, గురువారం వచ్చాయంటే ఆమెని చూడలేకపోయేదాన్ని. ఆ రెండు రోజుల్లో స్వర్గద్వారాలు తెరుచుకుంటాయనీ, అందరికీ క్షమాపణ దొరుకుతుందనీ, పగబట్టుకున్న ఇద్దర్ని మాత్రం వీళ్ళు కలిసేదాకా ఆగనీ అని పక్కన పెడతారనీ మా నమ్మకం. ఆ రోజుల్లో ఆమె టాకా వంకర పోయేది. విప్పేది, మళ్ళీ వేసేది.

పోయిన వసంతంలో ఆమె కూతురు తల్లిని మక్కా యాత్రకి పంపుతానంది. ఆ యాత్రకి వెళ్ళేవాళ్ళు ముందు ఇల్లిల్లూ తిరిగి రాజీ అడగాలి. రిసాలతక్క మహల్లా అంతా తిరిగింది. బషారత్, ముకద్దస్ ఇద్దరూ కావిలించుకుని ఏడ్చారు. ఈసారి నిజంగానే ముక్కు చీదారు. ఆఖరికి జేబినిసా పిన్ని కూడా "సరే పో, రాజీ" అంది. తమ్ముడి వీధి మలుపు దాకా వెళ్ళి ఆమె ఆగిపోయింది.

"నేను వెళ్ళను హోజర్" అంది.

"తమ్ముడింటికా?"

"మక్కాకి. అమ్మ రాజీ లేకుండా అక్కడికెళ్ళి ఏం మొహంతో నిలబడను? నాకు ఒంట్లో బాగాలేదని కూతురితో చెప్తాను."

నాకు ఒళ్ళు మండింది. జీవితమంతా ఎవరెవరినో కలిపి, తన దాకా వచ్చేసరికి పెట్టె సర్దుకోకుండా కూర్చుంటుందా? మర్నాడు బెత్తాలు పక్కన పడేసి, ఆమెకి చెప్పకుండా సోత్వల్ది కొట్టుకి వెళ్ళాను. వాడు తొట్టె కోడుకి ఎర్రరంగు వేస్తున్నాడు.

"రండి హోజరక్కా. ఏం కుట్టుకొచ్చారు?"

"నోర్ముయ్. నేను తియ్యటి మాటల మనిషిని కాదని నీకు తెలుసు. ఒక్కటి అడుగుతాను, నా కళ్ళలోకి చూసి చెప్పు. ఆ రోజు మీ అక్క అడిగితే ఎందుకు కళ్ళు దించావ్?"

వాడు కుంచె డబ్బాలో పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"అమ్మ రాజీ అంది. ఒట్టు."

"ఒట్టు నాకెందుకు? ఇంకేం అంది?"

"అవన్నీ చెప్పే మాటలు కావక్కా. చచ్చిపోయిన మనిషి."

"అంటే ఉన్నాయన్నమాట."

నాకు అప్పుడు తెలిసింది. ఈ వెధవ కల్పించింది ఏమీ లేదు, కత్తిరించాడు. అక్క బాధపడుతుందని తల్లి మాటలో కారమంతా తీసేసి తీపి ముక్క ఒక్కటే చేతిలో పెట్టాడు. బీబీసారా పెద్దమ్మ నోట్లోంచి ఉత్త తీపి ఎప్పుడైనా వచ్చిందా? అందుకే అక్కకి అది నకిలీలా వినబడింది.

"లే" అన్నాను.

"ఎక్కడికి?"

"మీ అక్క దగ్గరికి. ఆ మాట మొత్తం చెప్పు. నాకొద్దు, నేను మోసుకెళితే కుట్టే అంటుంది."

"నేను రాను. నన్ను అబద్ధాలకోరు అంది, శవం ముందు."

"అయితే కూర్చో. ఆమె యాత్ర మానేసుకుంది, ఈ తొట్టెలకి రంగులేసుకుంటూ నువ్వు సుఖంగా ఉండు."

"యాత్ర మానేసిందా?" అన్నాడు. చేతులకి రంగు అలాగే ఉంది, లేచాడు. దారంతా నన్ను తిడుతూనే వచ్చాడు.

రిసాలతక్క వరండాలో ఒక్కతే రజాయి ముందు కూర్చుని ఉంది. గుమ్మంలో తమ్ముణ్ణి చూసి సూది వదిలేసింది. సగం గొంతుతో "అస్సలాము అలైకుం" అంది ఆమె, పెద్దది అయ్యుండీ ముందు. జవాబు చెప్పకుండా ఉండటానికి వాడికి వీల్లేదు, చెప్పాడు. వెంటనే గొంతు పెంచాడు.

"నీకు కావాల్సింది పూర్తి మాటే కదా? విను. తరవాత నన్ననకు."

"చెప్పు."

"ఆ రోజు తెల్లారాక కళ్ళు తెరిచి, అబద్ధాలపుట్ట రాలేదా ఇంకా అంది. కబురు పంపానన్నాను. 'ఎక్కడో ఎవరి మొగుడూపెళ్ళాల్నో అతుకుతూ కూర్చుని ఉంటుంది, తల్లి చస్తుంటే కూడా దానికి ఊళ్ళో గొడవలే. మఖమలు కోటు తొడిగించి మరీ నన్ను చెల్లెలి గుమ్మంలో గాడిదని చేసింది, దాని నాలుక ఊడ' అంది. నేను, అమ్మా అలా అనకు, రాజీ అను అన్నాను. 'రాజీనేరా దద్దమ్మా, నేను ఎప్పుడో రాజీ. కడుపున పుట్టిందాన్ని ఏం చేసుకుంటాను?' అంది."

వాడు ఆగాడు. రంగు అంటిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి దాచుకున్నాడు.

"ఇంకా ఉంది" అన్నాను నేను. వాడి మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

"ఇంకా... 'వెంటనే చెప్పేయకు. కాసేపు ఏడవనీ' అంది."

రిసాలతక్క వాడి మొహం తిరగేసి బోర్లేసి చూసింది. కళ్ళు, నుదురు, పెదవులు. ఈసారి వాడు కళ్ళు దించలేదు. నేనూ వెతికాను, నా అలవాటు నన్నెక్కడికి పోనిస్తుంది? ఒక్క వదులు దారం దొరకలేదు. చావుమంచం మీద పడుకుని కూతుర్ని కాసేపు ఏడిపించమని చెప్పే తల్లిని ఎవరు కల్పించగలరు? ఆ మాట బీబీసారా పెద్దమ్మది తప్ప ఇంకెవరిదీ కాదు.

"కాసేపు అంది" అంది రిసాలతక్క. "అమ్మ కాసేపే అందిరా. నువ్వు ఇన్నేళ్ళు ఏడిపించావు."

"నువ్వు అడిగిన తీరుకి..." అన్నాడు వాడు. "నేనూ తప్పు చేశాను. మొత్తం చెప్పాల్సింది."

"నిన్ను ఆ మాట అన్నాను, వాకిట్లో, అందరి ముందు. నాతో రాజీ పడతావా?"

"రాజీ అక్కా. నువ్వు?"

"రాజీ."

నేను గిన్నెలు కడిగే నెపంతో పెరట్లోకి వెళ్ళాను. ఏడుపు నాకు నప్పదు. టీ పెట్టి, రొట్టె విరిచి తెచ్చేసరికి వాడు అక్క పక్కన కుట్టని దూది మీదే కూర్చుని ఉన్నాడు. రంగంతా గలేబుకి అంటింది. ఇంకోరోజైతే ఆమె వాడి చెవి మెలేసి లేపేది. ఇప్పుడు టీ గిన్నె అందుకుని ఒక్క గుక్క తాగి పక్కన పెట్టింది.

"మళ్ళీ చెప్పరా" అంది.

"ఏది, రాజీ అన్నదా?"

"అది కాదు" అంది రిసాలతక్క. "తిట్టు చెప్పు. అమ్మ తిట్టినట్టే."